నేను రాసిన మాటనే మా నాయన నాకు చెబుతున్నాడు

తిరుపతి నుంచి ఒక అమ్మాయి పంపిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు, ఊర్లు కూడా గుర్తుపట్టకుండా మార్చమన్నారు, మార్చాను. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైనంత వరకు నా మాటల్లో చెప్తా.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఎం.ఏ. తెలుగు చదివారు. డీఎస్సీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఇక లాభం లేదని తిరుపతిలో ఒక ప్రకటనల ఆఫీసులో చేరారు. రేడియోకి, ఆటోల మీద తిరిగే మైకులకి, వాట్సాప్ ఆడియోలకి మాటలు రాసివ్వడం పని. పోయినేడాది ఒక ప్లాట్ల వెంచర్ వచ్చింది. జాగా పుత్తూరు దాటి ఇంకా లోపలికి పోవాలి. "స్వామి పేరుండాలి, ఎయిర్‌పోర్టు ఉండాలి, మాట జనం నోట్లో నానాలి" అన్నాడట వెంచర్ ఓనరు. ఈమె ఆ జాగా మొహం కూడా చూడకుండా టేబుల్ దగ్గరే కూర్చుని "స్వామి పాదాల చెంత సొంత జాగా, ఎయిర్‌పోర్టుకు పదే పది నిమిషాలు" అని రాశారు. నలభై సెకన్ల ఆడియోలో అది నాలుగుసార్లు వస్తుంది. బాగా పట్టుకుంది. చిన్నపిల్లలు కూడా రాగం తీసి పాడటం మొదలుపెట్టారు, ఆఫీసులో కేకు కోశారు.

వాళ్ళ నాయనకు పాకాల వైపు రెండెకరాల తోతాపురి మామిడి తోపు ఉంది. ఇప్పుడు అందులో ఒక ఎకరా అమ్మి, అదే వెంచర్‌లో రెండు ప్లాట్లు కూతురి పేరు మీద కొంటానంటున్నాడు. టోకెన్ అడ్వాన్సు యాభై వేలు ఇచ్చేశాడు. మిగతాది నెలన్నరలో కట్టాలి. తోపు కొనడానికి పక్క చేను ఆసామి సిద్ధంగా ఉన్నాడు.

ఇక్కడి నుంచి ఆమె మాటల్లోనే: "నాయనా, ఆ మాట రాసింది నేనే, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు ముప్పావు గంట పడుతుంది అని చెప్పాను సార్. నవ్వాడు. 'నువ్వు రాస్తే మాత్రం అబద్ధమైపోతుందా పాపా, ఊరంతా అదే అంటా ఉంటే' అన్నాడు. మా మామ అదే అంటాడు, తమ్ముడు అదే అంటాడు, టీ కొట్టు దగ్గరా అదే మాట. అన్నిటికన్నా నాకు భయం వేసింది ఏమిటంటే, మొన్న ఆఫీసులో ఎవరో ఆ వెంచర్ ఎక్కడ అని అడిగితే 'ఎయిర్‌పోర్టు దగ్గరే కదా' అని నా నోట్లోంచి వచ్చేసింది. కావాలని చెప్పిన అబద్ధం కాదు. ఆ క్షణంలో నాకు అలాగే అనిపించింది."

ఆమె అడిగినవి మూడు. నిజం తెలిసిన నాకే ఎందుకలా అనిపించింది? నేను కూడా పట్టువదలకుండా రోజూ "వద్దు నాయనా" అని చెప్తూ ఉంటే ఆయన మనసు మారుతుందా? ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పి నమ్మించడం అంటేనే మోసం కదా, ఈ పని మానేయాలా?

అమ్మా, మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతా. మిమ్మల్ని మీరు తిట్టుకున్న తిట్లన్నీ అందులోనే ఉన్నాయి, అవి కాస్త తగ్గితే తప్ప మిగతా రెండూ తిన్నగా ఆలోచించలేం.

మళ్ళీ మళ్ళీ చెప్పడం మోసమే అయితే మన ఊళ్ళో ముందు అన్నమయ్యను తప్పుపట్టాలి. కొండ మీద రాగిరేకుల్లో దొరికిన కీర్తనల్లో మనందరికీ నోటికొచ్చినది "బ్రహ్మమొక్కటే". అందులో "ఒకటే" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో చూడండి. రాజు నిద్రా ఒకటే, బంటు నిద్రా ఒకటే. బ్రాహ్మణుడు మెట్టే నేలా, చండాలుడు ఉండే నేలా ఒకటే. మాట మారదు, కానీ అది వచ్చిన ప్రతిసారీ మీ ముందు ఇద్దరు కొత్త మనుషుల్ని నిలబెడతాడు. మీరు చూసిన నిద్రే, మీరు తొక్కిన నేలే. కాదనాలంటే కాదనొచ్చు, అవకాశం ఇచ్చే అడుగుతున్నాడు. 1503లో పోయిన మనిషి మాట ఇప్పటికీ వాదనలాగే వినిపిస్తోందంటే కారణం అదేనని నేననుకుంటా. రాగం సంగతి వేరు.

ఇంకా వెనక్కి పోతే ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు "తత్త్వమసి", అంటే "అది నువ్వే", అని తొమ్మిదిసార్లు చెబుతాడు. ఒకసారి తేనెటీగలు, ఒకసారి సముద్రంలో కలిసే నదులు, ఒకసారి మర్రి విత్తనం, ఒకసారి నీళ్ళలో కరిగిన ఉప్పు, ఇలా ప్రతిసారీ కొత్తగా చూపించి చెబుతాడు. నాకు అందులో ఎప్పుడూ నచ్చేది తండ్రి తెలివి కాదు, కొడుకు "మళ్ళీ చెప్పండి" అని ప్రతిసారీ అడగడం. వినేవాడికి ఇంకా అనుమానం ఉంది, ఉందని చెప్పుకునే చనువూ ఉంది. ఒక గ్రంథం అసలు ఏం చెప్పదలుచుకుందో తేల్చడానికి మన మీమాంసకులు ఆరు గుర్తులు పెట్టుకుంటే అందులో ఒకటి అభ్యాసం, అంటే ఆ మాట మళ్ళీ మళ్ళీ రావడం. దాని పక్కనే ఉపపత్తి, అంటే యుక్తి, కూడా పెట్టారు. పెద్దలు మళ్ళీ చెప్పడం ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

ఇప్పుడు మీ లైను తీసుకోండి. నాలుగుసార్లు వస్తుంది, నాలుగుసార్లూ అదే వస్తుంది. నాలుగోసారి విన్నవాడికి మొదటిసారి విన్నవాడికన్నా ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. వాడు "మళ్ళీ చెప్పు" అని అడగలేదు, రోడ్డు దాటుతుంటే ఆటో మైకు చెవిలో పోసింది. తేడా ఇదే అనిపిస్తోంది నాకు. కొత్త ఆధారం మోసుకొచ్చే పునరుక్తి ఒకటి, ఆధారం లేని లోటును పూడ్చడానికి వాడే పునరుక్తి ఇంకొకటి. మీరు రాసింది రెండో రకం. అంతవరకు మీ మీద మీకున్న అనుమానం సరైనదే.

అందులో ఇంకో కిటుకు కూడా ఉంది, అది మీకు తెలిసి చేశారో తెలియక చేశారో. "స్వామి పాదాల చెంత" అన్న మాట మీరు కొత్తగా నమ్మించనక్కర్లేదు. అలిపిరి మెట్ల మీద ఒకరు "ఏడుకొండలవాడా" అంటే వెనకున్న వాళ్ళంతా "గోవిందా" అంటారు చూడండి, అక్కడ ఎవరూ ఎవర్నీ ఒప్పించడం లేదు, అందరూ ఒప్పుకున్నవాళ్ళే, కాళ్ళు నొప్పులు మర్చిపోవడానికీ తోడుకీ అంటారు. అలా పుట్టినప్పటి నుంచి చెవిలో పడుతూ వచ్చిన పేరును తీసుకొచ్చి పుత్తూరు అవతల ఉన్న జాగాకు అతికించారు. ఆ పేరు మీద ఉన్న నమ్మకం ఎయిర్‌పోర్టు మీదికీ పాకింది. ఓనరు గడుసువాడే, రెండూ ఒకే ఊపిరిలో రావాలన్నాడంటే.

సరే, మొదటి ప్రశ్నకు వద్దాం. నిజం తెలిసిన మీకే ఎందుకలా అనిపించింది?

మీకు మతి పోలేదు, కంగారు పడకండి. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అని ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కూర్చోబెట్టి, కూర్చోబెట్టినప్పుడల్లా 60 వాక్యాలు ఇచ్చి, ఒక్కోటి ఎంతవరకు నిజమనిపిస్తోందో చెప్పమన్నారు. అందులో 20 వాక్యాలు మూడుసార్లూ వచ్చాయి, మిగతావి ప్రతిసారీ కొత్తవి. మళ్ళీ మళ్ళీ వచ్చిన వాటి మీద నమ్మకం పెరుగుతూ పోయింది, కొత్తవాటి మీద పెరగలేదు. వాక్యం నిజమైనా అబద్ధమైనా తేడా లేదు. ముందే విన్న మాటను మనసు సులువుగా అందుకుంటుంది, ఆ సులువునే నిజం అనుకుంటుంది. అంతే సంగతి.

"తెలియనివాళ్ళు కాబట్టి నమ్మారు, నాకు తెలుసు కదా" అంటారు మీరు. దానికీ జవాబుంది. 2015లో లీసా ఫాజియో, ఇంకొందరు కలిసి, సరైన సంగతి తెలిసినవాళ్ళ మీద కూడా ఇది పనిచేస్తుందా అని చూశారు. వాళ్ళు వాడిన వాక్యాల్లో ఒకటి చెబితే మీరు నవ్వుతారు: చీర అంటే స్కాట్లాండ్ వాళ్ళు కట్టుకునే కుచ్చుల పొట్టి లంగా అట. అసలు సంగతి తెలిసినవాళ్ళకు కూడా, ఇలాంటి వాక్యాలు ఇంతకుముందు ఒకసారి కంటపడి ఉంటే, అప్పుడే కొత్తగా చూసిన వాటికన్నా కాస్త నిజానికి దగ్గరగా అనిపించాయి. పూర్తిగా నమ్మేశారని కాదు, కాస్త అటు మొగ్గారు. మీరు ఆ లైను రాసేటప్పుడు విన్నారు, రికార్డింగులో విన్నారు, ఆటోలో విన్నారు, ఇంట్లో విన్నారు. ఈ జిల్లాలో మీకన్నా ఎక్కువసార్లు దాన్ని విన్నవాళ్ళు ఎవరూ ఉండరేమో. మీ నోట్లోంచి అది రావడంలో వింతేముంది!

ఇంతవరకు మీ సంగతి. మీ నాయనది ఇంకాస్త వేరు.

ఆయన ఏమన్నారో మళ్ళీ చదవండి. "ఊరంతా అదే అంటా ఉంటే" అన్నారు. ఆయన లెక్కపెట్టింది నోళ్ళని. మామ నోరు, కొడుకు నోరు, టీ కొట్టు, మైకు, ఫోను, మొత్తం ఐదు. పంచతంత్రంలో మేకను భుజాన వేసుకుపోతున్న బ్రాహ్మణుడి కథ మనకు చిన్నప్పుడే చెప్పారు కదా, ముగ్గురు దొంగలు దారిలో ఒకరి తర్వాత ఒకరు ఎదురై కుక్కను మోస్తున్నావేమిటి అంటే చివరికి ఆయన మేకను దించేసి పోయాడు. అందులో అసలు మోసం మూడుసార్లు చెప్పడం కాదు, ముగ్గురూ ఒకరికొకరు సంబంధం లేనట్టు రావడం. ఒక్కడే మూడుసార్లు చెప్పి ఉంటే బ్రాహ్మణుడు పోరా అనేవాడు. మీ ఇంట్లో జరిగింది అదే, ఒక చిన్న తేడాతో: మీ మామా తమ్ముడూ దొంగలు కారు, వాళ్ళూ మేకను దించినవాళ్ళే. ఐదు నోళ్ళ వెనక ఉన్నది మీరు ఆ లైను రాసుకున్న ఒకే నోటుబుక్కు, అది మీ బ్యాగులో ఉంది.

అయినా ఒక మాట చెప్పనా, మీరు కోపం తెచ్చుకోకపోతే. మీ వాక్యానికి మీరు మరీ ఎక్కువ బలం అంటగడుతున్నారు. ఆటో మైకులో రోజుకు పది ప్రకటనలు పోతాయి, మీ నాయన అన్నిటికీ తోపు అమ్మలేదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇచ్చే ధర మీద ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలపాల్సి వచ్చింది, గుర్తుందా. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయలు వాటిలోనే మెత్తబడుతుంటే నిద్రలేకుండా కూర్చున్న రైతుకు "సొంత జాగా" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. పైగా ఆయన కొంటానంటున్నది తనకు కాదు, మీ పేరు మీద. ఉత్తరం మొత్తంలో దాన్ని మీరు ఒక్కసారే, అదీ బ్రాకెట్లో రాసినట్టు రాసి దాటిపోయారు. నాకైతే అసలు విషయం అక్కడుందనిపిస్తోంది. పెళ్ళి మాట ఎక్కడా లేదు, ఉద్యోగం పర్మనెంటు కాదు, ఆడపిల్లకు ఏదో ఒకటి చేతిలో పెట్టాలని ఆయనకు ఎప్పటినుంచో ఉండి ఉంటుంది. మీ లైను అక్కడ దిగబడింది. ఖాళీ ఉన్నచోటే ఇలాంటి మాట పాతుకుంటుంది.

ఇక రెండో ప్రశ్న. రోజూ "వద్దు నాయనా, వద్దు నాయనా" అంటే?

అనొచ్చు, కొందరి దగ్గర పనిచేస్తుంది కూడా, అమ్మలు మనల్ని ఇలాగే గెలిచారు. కానీ దీనికీ ఒక హద్దుంది. 1979లో కాచియోపో, పెటీ అనే ఇద్దరు ఒకే వాదనను విద్యార్థులకు ఒకసారి, మూడుసార్లు, ఐదుసార్లు వినిపించి చూశారు. మూడుసార్లు విన్నవాళ్ళు ఒకసారి విన్నవాళ్ళకన్నా ఎక్కువ ఒప్పుకున్నారు, ఐదుసార్లు విన్నవాళ్ళ దగ్గర మళ్ళీ తగ్గిపోయింది. విసుగు మొదలై, వినేవాడు లోపల్లోపల ఎదురు వాదన కట్టుకుంటాడు. మీ నాయన దగ్గర ఇంకో చిక్కుంది. మైకు ఆయన్ను కాదనదు, మీరు కాదంటున్నారు. మీరు రోజూ వద్దంటే ఆయన రోజూ ఎందుకు కొనాలో చెబుతారు, అలా చెప్పి చెప్పి తన మాట తనకే ఇంకా గట్టిపడుతుంది. నెల తిరిగేసరికి మీరు చెవిలో జోరీగ, వెంచర్ ఏజెంటు పెద్దమనిషి.

ఇంకోటి కూడా గమనించండి. మీరు "పది నిమిషాలు కాదు నాయనా" అన్నప్పుడల్లా ఆయన చెవిలో పడేది "పది నిమిషాలు". మీ ప్రకటనకు మీరే ఐదోసారి, ఆరోసారి ఉచితంగా ప్రచారం చేస్తున్నారు. ఆ లైను ఇంట్లో ఎత్తకండి, ఖండించడానికి కూడా ఎత్తకండి.

మరేం చేయాలి? నాకు తోచిన దారులు చెప్తా. మీ నాయన ఎలాంటి మనిషో మీకే తెలుసు, ఏది పట్టుకోవాలో మీరే చూసుకోండి.

మొదటిది, ఆయన్ను అక్కడికి తీసుకుపోవడం. వెంచర్ వాళ్ళ కారులో వద్దు. ఆదివారం ఏసీ బండిలో ఎక్కించుకుని, దారి పొడుగునా అదే ఆడియో వేసి, భోజనం పెట్టి చూపిస్తే అది చూడటం కాదు, మళ్ళీ వినడం. మామూలు రోజున, తిరుపతిలో ఆర్టీసీ బస్సెక్కి పుత్తూరులో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకుని పొండి. చూసొచ్చాక అక్కడి నుంచి రేణిగుంట ఎయిర్‌పోర్టు గేటు దాకా ఏదో ఒక బండిలో రండి. టైము మీరు చెప్పొద్దు, వాచీ ఆయన చేతికే ఉంటుంది. దారిలో ఎవరినైనా నీళ్ళ సంగతి, పక్క పొలాల్లో అంకణం (మన వైపు జాగా కొలత) ఎంత పోతోందో అడగనివ్వండి, ఈ బేరాలు మీకన్నా ఆయనకే బాగా తెలుసు. ఇందులో రిస్కేమిటంటే ఆయనకు ఆ జాగా నిజంగానే నచ్చొచ్చు. దూరమైనా పర్లేదు, రేటు తక్కువ, చుట్టూ కొండలు బాగున్నాయి అనొచ్చు. అప్పుడు మీ వాదన సగం పోతుంది. అయినా అది ఆయన కళ్ళతో చూసి చేసుకున్న నిర్ణయం అవుతుంది కదా, మైకు చేసిన నిర్ణయం కన్నా నయమే.

రెండోది, నోటుబుక్కు చూపించడం. "నేనే రాశాను" అని నోటితో చెబితే ఆయన నవ్వారు, ఎందుకంటే ఐదు నోళ్ళ ముందు అది ఆరో నోరు, అంతే. కొట్టివేతలతో సహా ఆ పేజీలు చూస్తే వేరుగా ఉంటుంది. ముందు "ఇరవై నిమిషాలు" అని రాసి కొట్టేసి, పలకడానికి బాగుంటుందని "పదే పది" అని మార్చానని మీరే రాశారు కదా ఉత్తరంలో. ఆ కొట్టివేత చూస్తే చాలు, ఆ నిమిషాలు రోడ్డు మీద కొలిచినవి కావని ఎవరికైనా అర్థమవుతుంది. కాకపోతే ఇది ఆయనొక్కరికే చూపించాలి. మామ ముందు, తమ్ముడి ముందు చూపిస్తే, కూతురు రాసిన ప్రకటనకు తానే పడిపోయానన్న నామోషీతో ఇంకా మొండికేస్తారు. ఇంకో ఇబ్బంది, ఆయన నోరు ఆగక టీ కొట్టు దగ్గర చెబితే మీ ఆఫీసుకు తెలుస్తుంది. ఆ కాగితాలు ఆఫీసువని వాళ్ళు అనొచ్చు. అందుకు సిద్ధపడితేనే చూపించండి.

మూడోది, ప్లాటు మాట ఎత్తకుండా మీ పేరు మీద అన్న మాట పట్టుకోవడం. "నాయనా, నాకేదైనా ఇవ్వాలనుంటే ఆ తోపులో ఎకరా నా పేరున రాయి, అమ్మొద్దు" అని అడగగలరా? చాలామంది ఆడపిల్లలు అడగలేరు, అడిగితే ఆస్తికి ఆశపడిందంటారు. మీ మామ అంటాడు కూడా. తమ్ముడికి నచ్చకపోవచ్చు, వాడికి ప్లాటు అయితే సమ్మతమే కానీ తోపు అంటే మొహం మాడ్చుకోవచ్చు, అప్పుడు ఇంట్లో ఇంకో రకం టెన్షన్. కానీ మీ నాయన లోపల ఉన్న కోరికకు జవాబిచ్చే దారి ఇదొక్కటే. మిగతా దారులన్నీ ఆయన మాటకు అడ్డం చెప్పేవే.

ఈ మూడింట్లో ఏది చేసినా, ఇకమీదట ఆయనకు వచ్చే కొత్త మాటల విషయంలో ఒక చిన్న అలవాటు చేయండి. ఏజెంటు ఫోన్ చేసి కొత్తగా ఏదైనా చెబితే, "రింగు రోడ్డు వస్తోంది" అనో ఇంకోటో, అప్పటికప్పుడే "ఇది నిజమా నాయనా, నీకేమనిపిస్తోంది" అని అడగండి. మీరు జవాబు చెప్పొద్దు. మొదటిసారి విన్నప్పుడే ఇది నిజమా కాదా అని ఆలోచించినవాళ్ళను, తమకు తెలిసిన విషయాల్లో, తర్వాత వచ్చే పునరుక్తి అంత తేలిగ్గా మోసం చేయలేదని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. భూమి ధర, నీళ్ళు, రోడ్డు గురించి ఆయనకు తెలిసినంత నాకూ మీకూ తెలియదు. ఆ తెలివిని ఎవరూ ఇంతవరకు అడగలేదు, పాట మాత్రం వినిపించారు.

డబ్బు సంగతి. ఇది దారుల్లో ఒకటి కాదు, ఏ దారిలో పోయినా చేయాల్సిందే. ప్లాట్లు, ఇళ్ళ అమ్మకాలను అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్ ఏదైనా రెరాలో రిజిస్టరు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. ప్రకటనలో ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మీరు రాసిన నలభై సెకన్లలో ఉందా? మీకు ఇచ్చారా అసలు? రాసి ఉన్న అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ప్రకటనలో తప్పుడు సంగతి చూసి నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోయినవాళ్ళు వెనక్కి తగ్గాలనుకుంటే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలని అదే చట్టంలో 12వ సెక్షన్ చెబుతోంది. అంటే మీరు అంతగా తిట్టుకుంటున్న ఆ లైనే మీ నాయనకు యాభై వేలు తిరిగి రావడానికి సాక్ష్యం కావచ్చు. తప్పకుండా వస్తుందని చెప్పను, "పది నిమిషాలు" అంటే ఖాళీ రోడ్డు మీద అని వాళ్ళు వాదిస్తారు. ఏజెంటు "కాణిపాకంలో ప్రమాణం చేస్తా" అన్నాడని కూడా రాశారు. ప్రమాణం తర్వాత చేయొచ్చు, ముందు లేఔట్ అనుమతి నంబరు, రెరా నంబరు కాగితం మీద రాసివ్వమనండి. నంబరు చూపించలేని ఏజెంటు దగ్గర మిగతా మాటలు వినక్కర్లేదు.

ఉద్యోగం గురించి. మానేయమని నేను చెప్పను, ఉండమనీ చెప్పను. తమ్ముడి ఫీజు మీ జీతంలోంచి పోతోందని రాశారు, అది చిన్న విషయం కాదు. మానేస్తే మీ మనసు తేలికపడుతుంది, కానీ ఆ లైను ఆగదు, ఇంకొకరు ఇంకా బాగా రాస్తారు. ఉండి, ఇకమీదట ఒక షరతు పెట్టుకోవచ్చు: మళ్ళీ మళ్ళీ వచ్చే మాట వినేవాడు సరిచూసుకోగలిగేది అయి ఉండాలి. "పుత్తూరు బస్టాండు నుంచి ఇన్ని కిలోమీటర్లు" అని నాలుగుసార్లు చెప్పండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు, పోయి కొలుచుకుంటారు. లేదా నాలుగుసార్లకు నాలుగు వేరు వేరు సంగతులు జోడించండి: ఒకసారి నీళ్ళు, ఒకసారి రోడ్డు, ఒకసారి అనుమతి నంబరు, ఒకసారి రేటు. మాట అదే తిరుగుతుంది, విన్నవాడికి ప్రతిసారీ ఏదో ఒకటి చేతికొస్తుంది. మీ బాస్ ఒప్పుకుంటాడా? అన్నిటికీ ఒప్పుకోడు. బంగారం అంగడికో, చీరల కొట్టుకో అయితే ఒప్పుకోవచ్చు, వెంచర్లకు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వెంచర్ల పని నాకొద్దు, మిగతావి ఇవ్వండి అని అడిగి చూడండి. కాదంటే అప్పుడు మానేసే సంగతి ఆలోచించొచ్చు, ఈలోగా వేరేచోట వెతుక్కోండి. కేకు కోసిన ఆఫీసు మిమ్మల్ని అంత తేలిగ్గా వదులుకోదని నా అంచనా, అయితే అంచనా అంచనానే.

నెలన్నర గడువులో మీ ఉత్తరం నాకు చేరేసరికే కొన్ని రోజులు పోయి ఉంటాయి. కాబట్టి ముందు అడ్వాన్సు రసీదు మీ నాయన దగ్గర ఎక్కడుందో చూడండి, దాని మీద ఎవరి సంతకం, ఏ పేరుతో స్టాంపు ఉందో చూసి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఆడియో కూడా, వాట్సాప్‌లో మీ నాయనకు వచ్చిన తేదీ కనబడేలా, డిలీట్ అవకుండా దాచండి. తోపు కొంటానన్న ఆసామి దగ్గర మాత్రం మీ నాయన ఇంకా అడ్వాన్సు తీసుకోకపోతే, ప్లాట్లు చూసొచ్చేదాకా తీసుకోవద్దని అడగండి. "వద్దు" అనకండి, "చూసొచ్చేదాకా" అనండి, దానికి ఆయన ఒప్పుకుంటారు.